రెబెక్కా టీచరుగారి ఫియట్టు

ఏంటి బాబూ, ఇందాక ఏమన్నావు? కాదు, ఆ ఫోను కాస్త పక్కన పెట్టి మళ్ళీ అను. మీ చెల్లెలు వినీల కారు నేర్చుకుంటానంటే మీ నాన్న వద్దన్నాడన్నావు, అది ఇన్నాను. దాని తర్వాత నవ్వుతా ఇంకో ముక్క అన్నావు చూడు, "మా ఇంట్లో ఆడాళ్ళకి స్టీరింగు ఇవ్వరు తాతా, మా రెబెక్కా మామ్మ బ్రేకనుకుని క్లచ్చి తొక్కేసి సొంత చెల్లెల్ని కాలవలో ముంచేసిందంట" అని. ఆఁ, అదే. ఎవరు చెప్పారు నీకు? మీ నాన్నా. మీ నాన్నకి మీ తాత ఆశీర్వాదంగారు చెప్పుంటారు. మరి ఆయనకెవరు చెప్పారో తెలుసా? సరే, కూర్చో. ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగుద్ది, ఈ టైరు మీద కూర్చో, గ్రీజు లేదులే. నీ బండి అవ్వడానికి ఇంకా గంట పైనే పడుద్ది. మా అల్లుడు గణేష్‌బాబు బ్రేకు పనంటే ఒక్క చక్రం ఇప్పి ఊరుకోడు, నాలుగూ ఇప్పుతాడు. జనం ఇసుక్కుంటారు. "ఏంటయ్యా బుల్లియ్యా, మీ అల్లుడు గంట పనికి పూటంతా కూర్చోబెడతాడు" అంటారు. కూర్చోండి అంటాను. అలా చెయ్యమని నేనే చెప్పాను ఆడికి. ఎందుకు చెప్పానో మాత్రం చెప్పలేదు.

నువ్వు ఆవిణ్ణి చూసే ఉంటావు, కానీ నువ్వు చూసింది ఆఖర్లో. ఆవిడ పోయేటప్పటికి నీకు ఎనిమిదో తొమ్మిదో. ఎనక సీట్లో ముడుచుకుని కూర్చున్న ముసలావిడ, అంతే కదా? నాకు తెలిసినావిడ ఏరు బాబూ. మీ తాతగారికి స్వయానా అక్క. మిషను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు, తర్వాత అక్కడే హెడ్మిస్ట్రెస్సు. మనిషి నిలువెత్తు. గంజి పెట్టిన తెల్ల నేత చీర, చేతికి మగాళ్ళ గడియారం. ఆవిడ వరండాలో నడిచొస్తుంటే రోడ్డు మీద ఎళ్ళే మేము కూడా సైకిలు దిగిపోయేవాళ్ళం, ఎందుకో తెలీదు. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో చెల్లెలు చిన్నమ్మాయిగారు ఉన్నారు మరి. బాప్తిస్మం పేరేదో ఉండే ఉంటుంది, నాకు తెలీదు, అరవయ్యో పడిలో పడ్డా ఊరందరికీ చిన్నమ్మాయిగారే. పోలియో. కుడికాలికి తొడ దాకా ఇనప పట్టీలు, తోలు బెల్టులు. బస్సు ఎక్కలేదు, రిక్షాలో కాలు చాపుకోడానికి ఉండదు. అందుకని అక్కగారు కారు కొన్నారు. ఎనభయ్యారులోనో ఏడులోనో, రాజమండ్రిలో ఒక డాక్టరుగారు అమ్మేస్తుంటే. ఫియట్టు, పద్మిని. అప్పటికే పదేళ్ళు దాటిన బండి. లేత ఆకుపచ్చ. డ్రైవింగు కూడా ఆవిడే నేర్చుకున్నారు, ఎవరు నేర్పారనుకున్నావు, నేనే. గోదారి గట్టు మీద. రెండో రోజున నన్నడిగారు, "బుల్లియ్యా, క్లచ్చి తొక్కితే లోపల ఏం జరుగుతుంది?" అని. తొక్కండి, గేరు పడుద్ది అన్నాను. "అది నేనడిగిన ప్రశ్నకి జవాబు కాదు" అన్నారు. బోనెట్టెత్తించి, కింద చాప పరిపించి, పడుకుని చూశారు బాబూ, ఆ తెల్ల చీరతో. అర్థమయ్యాకే సీట్లో కూర్చున్నారు. అలాంటి మనిషి బ్రేకేదో క్లచ్చేదో తెలీక తొక్కేశారని మీ ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా చెప్పుకుంటున్నారు.

చిన్నమ్మాయిగారు ముందు సీట్లో, ఎడం పక్క. ఆవిడకి కారంటే ఎంత సంబరమంటే, బయల్దేరింది మొదలు షాపుల బోర్డులు పైకి చదవడం. "శ్రీ దుర్గా ఎరువుల కొట్టు. అక్కా, కొత్తగా పెట్టారు చూడు. ఇక్కడ సైకిళ్ళు అద్దెకి ఇవ్వబడును. అక్కా, ఇవ్వబడును తప్పు రాశారు." చిన్నప్పుడు బడికి పంపలేదు కదా, చదువంతా ఇంట్లో అక్కగారి దగ్గరే, అందుకని కంటికి కనపడ్డ అక్షరం వదిలేది కాదు. చర్చిలో హార్మోనియం వాయించేది. నా షెడ్డు ముందు కారాగితే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పొట్లం ఇచ్చేది, పనస తొనలో, జంతికలో. "బుల్లియ్యగారూ, ఇవాళ మా ముసలిదానికి ఏం జబ్బంటారు?" అనేది, కారుని చూపించి. గారు అనేది నన్ను. ఇంకెవరూ అనలేదు, అప్పటికీ ఇప్పటికీ.

జబ్బా? ఒకటా బాబూ. మొదట్లో పర్లేదు. తొంభయ్యో సంవత్సరం దాటాక మొదలైంది. ఎండాకాలం వచ్చిందంటే పెట్రోలు పంపు ఏడెక్కిపోయి, పైపులో పెట్రోలు ఆవిరైపోయి, కొవ్వూరు బ్రిడ్జి మధ్యలో ఠపీమని ఆగిపోయేది. తడిగుడ్డ చుట్టి పావుగంట కూర్చోవాలి. అందుకని ఆవిడ డిక్కీలో ఎప్పుడూ ఒక నీళ్ళ బిందె, నాలుగు పాత జాకెట్టు గుడ్డలు. రేడియేటరు కారేది. సోల్డరింగు పెడితే ఆ పక్కన కారేది. దార్లో కారితే ఇంత పసుపు పొయ్యమని నేనే చెప్పాను, పసుపు గడ్డకట్టి చిల్లు మూసుకుపోద్ది. ఆవిడ పసుపు డబ్బా కూడా పెట్టుకునేవారు. స్టీరింగు పక్కన గేరు రాడ్డు, దాని బుష్షులు అరిగిపోయి మూడో గేరు ఏస్తే ఒకటోది పడేది. ఇంజనుకి కరెంటు మెరుపిచ్చే పాయింట్లు వారానికోసారి గరుకు కాయితంతో రుద్దాలి. వానకి స్టార్టవదు, మంచుకి స్టార్టవదు. ఒకసారి ముందు నుంచి హ్యాండిలు తిప్పి స్టార్టు కొడుతుంటే అది ఎనక్కి తన్ని నా మణికట్టు ఎముక చిట్లింది, ఇదిగో చూడు, ఇప్పటికీ ఇక్కడ బొడిపె. ఆవిడే రాజమండ్రి తీసుకెళ్ళి కట్టు కట్టించారు. అదే కార్లో. దార్లో రెండుసార్లు ఆగింది.

కొత్త కార్లొచ్చాయి. చిన్న కార్లు, కీ తిప్పితే చాలు. నేను చెప్పాను, అమ్మేయండమ్మగారూ అని. మీ తాతగారు చెప్పారు. ఆవిడ ఇనలేదు. ఏమంటే, ఆ కొత్త కార్ల తలుపు చిన్నది, సీటు కిందకి ఉంటుంది, చిన్నమ్మాయిగారు ఆ ఇనప కాలుతో వొంగి దూరలేదు. ఫియట్టు తలుపు ఎడల్పుగా తెరుచుకుంటుంది, సీటు ఎత్తు, అలా కూర్చుని ఇలా తిరిగితే సరిపోద్ది. రెండు కొత్త కార్లు ఎక్కించి చూశారు కూడా. చిన్నమ్మాయిగారు ఎక్కలేక నవ్వేసింది, "నేను పాతకాలం దాన్నక్కా, నాకు పాతదే సరిపోతుంది" అంది. అంతే. కాబట్టి బండి నడవాలి. నడిచేలా చూడాల్సింది నేను.

నిజం చెప్తున్నాను బాబూ, ఇన్నేళ్ళొచ్చాక దాచుకునేదేముంది. ఆ బండంటే నాకు కంపరం పుట్టేసింది. అప్పుడు నాకు పనుంది, రోజుకి ఐదారు బళ్ళు, ఇసుక లారీలు, జీపులు. ఇది వచ్చిందంటే రోజు పోయినట్టే. ఒక బోల్టు ఇప్పబోతే తుప్పుకి ఇరిగిపోద్ది, ఇరిగింది తియ్యడానికి డ్రిల్లు, డ్రిల్లు ఏస్తే పక్కది పగులుద్ది. సామాను దొరకదు. కంపెనీ ఆపేశాక కొట్లవాళ్ళు ఎందుకు పెడతారు. అన్నీ అయ్యాక ఆవిడ నిలబడి, "బుల్లియ్యా, నువ్వు ఏం చేశావో స్టెప్పు స్టెప్పుగా చెప్పు" అంటారు. చెప్పాలి. మధ్యలో ఆపి, "మూడో స్టెప్పులో తప్పు చేశావు, పైపు ముందు ఊదాలి కదా" అంటారు. అది నిజమే అయ్యేది, అదింకా మంట. ఆఖరికి ఎలా తయారయ్యానంటే, దాని హారను పీలగా ఉండేది, గొంతు బొంగురుపోయిన మేకలాగా, అది మలుపులో ఇనపడగానే షెడ్డు ఎనకాల నుంచి తోటలోకి జారుకునేవాణ్ణి. అరటి చెట్ల మధ్య బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాణ్ణి. మా ఆవిడ చెప్పేది, "లేరండి, నిడదవోలు ఎళ్ళారు" అని. కారు తిరిగి ఎళ్ళిపోయే చప్పుడు ఇని అప్పుడు వచ్చేవాణ్ణి. నా చెయ్యి విరిగితే ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి నుంచి అలా దాక్కున్నాను.

రెండువేల నాలుగు. జూను నెల. బ్రేకులు. దానికి ఇప్పట్లోలాగా రెండు లైన్లు ఉండవు, ఒకటే లైను. పెడలు తొక్కితే ఆయిలు పైపుల్లోంచి నాలుగు చక్రాలకీ ఎళ్ళుద్ది, చక్రం దగ్గర చిన్న సిలిండరు, దాంట్లో బొటనవేలు గోరంత రబ్బరు కప్పు. ఆ కప్పు ఒక్క చక్రంలో పోయిందంటే ఆయిలంతా కారిపోయి నాలుగింటికీ బ్రేకుండదు. ఎడం పక్క ఎనక చక్రంలోది కొంచెం కారుతోంది. కిట్టు, అంటే ఆ రబ్బర్ల సెట్టు, మార్చాలి. కిట్టు లేదు. రాజమండ్రిలో అచ్చిబాబు అని స్పేరు పార్టుల కొట్టు, అక్కడ లేదు. విజయవాడ ఫోను చేయించాను, లేదు. అచ్చిబాబు అన్నాడు, "మద్రాసు నుంచి తెప్పిస్తాను, నెల పట్టుద్ది." ఆవిడకి చెప్పాను, నెల రోజులు బండి తియ్యకండి అని. "నెల రోజులు చిన్నమ్మాయి ఇంట్లో కూర్చోవాలా? ఆదివారం హార్మోనియం ఎవరు వాయిస్తారు?" అన్నారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది. రోజూ అడిగేవారు. ఆ అడగడం పడలేక, నా దగ్గర ఆయిలింజను పంపు తాలూకు వాషరు ఒకటి ఉంటే, బ్లేడుతో అంచులు చెక్కి, అది ఏసేశాను. ఆ రబ్బరు ఏరు బాబూ. బ్రేకాయిలుకి అది తట్టుకోదు, నానీ నానీ ఉబ్బుద్ది, మెత్తబడిపోద్ది. నాకు తెలుసు. నెల్లాళ్ళు ఆగుద్దిలే, కిట్టొచ్చాక మార్చేద్దాం అనుకున్నాను. "సరైనది దొరికిందా?" అన్నారు. దొరికిందండి అన్నాను. ఎందుకన్నానంటే, లేదంటే మళ్ళీ స్టెప్పు స్టెప్పుగా చెప్పాలి.

కిట్టు వచ్చింది. జూలై ఆఖర్న అచ్చిబాబు పంపించాడు, చిన్న అట్టపెట్టె. ఆ బల్ల సొరుగులో పడేశాను. మార్చలేదు. ఏం చెప్పమంటావు. ఆ చక్రం డ్రమ్ము తుప్పుపట్టి కరుచుకుపోయింది, జూన్లో అది ఊడదియ్యడానికే సుత్తితో పూటంతా పట్టింది. మళ్ళీ ఆ పని చెయ్యాలంటే ప్రాణం ఉసూరుమనేది. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి. మూడు వారాలు. ఆ శుక్రవారం మలుపులో హారను ఇన్నాను, దాక్కునే టైము లేదు, వచ్చేశారు. "బుల్లియ్యా, బ్రేకు కాస్త కిందకి దిగుతోంది. రెండుసార్లు తొక్కితే గానీ పట్టట్లేదు" అన్నారు. చిన్నమ్మాయిగారు కిటికీలోంచి నాకేసి చూసి నవ్వుతోంది. నేను డబ్బా తీసి ఆయిలు నింపాను. పెడలు నాలుగుసార్లు కొట్టాను, గట్టిపడింది. "ఏం లేదండి, ఆయిలు తగ్గింది. సోమవారం తీసుకురండి, చూద్దాం" అన్నాను. "ఆదివారం చర్చికి ఎళ్ళొచ్చా?" అని అడిగారు బాబూ. అడిగారు. ఎళ్ళిరండి, ఏం పర్లేదు అన్నాను.

ఆదివారం ఆరాధన అయిపోయి తిరిగొస్తున్నారు. పన్నెండయ్యుంటుంది. ఆగస్టు నెల కదా, కాలవ నిండా ఎర్రనీళ్ళు, గట్టు రోడ్డుకి జానెడు కిందకి ఉంది. కాలవ లాకులు దాటాక మలుపు, అక్కడ ఎదురుగా గడ్డిమోపుల ట్రాక్టరు. ట్రాక్టరు వాడు చెప్పాడు తర్వాత, "ఆవిడ నన్ను చాలా ముందే చూసిందండి, స్పీడు కూడా లేదు, హారను కొట్టుకుంటా వచ్చి వచ్చి పక్కకి తిప్పేసిందండి." తిప్పకపోతే ట్రాక్టరు కిందకే. తిప్పితే కాలవ. చూసి తిప్పారు. అక్కడ గేదెల్ని కడుగుతున్నవాళ్ళు ఇద్దరు దూకి, కారు మునిగేలోపు డ్రైవరు పక్క కిటికీలోంచి ఆవిణ్ణి లాగారు. ఆవిడ రానంటే జుట్టు పట్టుకు లాగారంట. వాళ్ళు చిన్నమ్మాయిగారి కోసం మళ్ళీ మునిగేటప్పటికి ఎడం పక్క తలుపు బురదలో దిగబడిపోయింది. చిన్నమ్మాయిగారి ఇనప కాలు సీటు కింద రాడ్డుకి తగులుకుంది. వాళ్ళు ఊపిరి బిగబట్టి మూడుసార్లు దిగారు. ఆ పట్టీల బెల్టులు తడిస్తే బిగుసుకుపోతాయి, నీళ్ళలో చేత్తో ఊడవు.

నాకు కబురొచ్చి సైకిలు మీద ఎళ్ళేటప్పటికి చిన్నమ్మాయిగారిని గట్టు మీద పడుకోబెట్టి ఎవరిదో తువ్వాలు కప్పారు. టీచరుగారు పక్కన కూర్చుని ఉన్నారు, తడిబట్టలతో, చెప్పులు లేవు. ఏడవట్లేదు. నన్ను చూసి ఒకటే అన్నారు, "బుల్లియ్యా, నేను తొక్కాను. మొత్తం తొక్కాను. నేలకి తగిలింది." అంతే. ఆ క్షణం నేను నిజం చెప్పేసుంటే... చెప్పలేదు.

అదే ట్రాక్టరు పెట్టి కారు లాగించి, పోలీసులు నా షెడ్డులోనే పెట్టించారు, మర్నాడు బ్రేకు ఇనస్పెక్టరు వచ్చి చూస్తాడని. వాళ్ళు అటెళ్ళగానే నేను తలుపు ఏసుకున్నాను. సుత్తి తీసుకున్నాను. మూడు వారాలు ఊడదియ్యడానికి బద్ధకించిన డ్రమ్ము ఇరవై నిమిషాల్లో ఊడదీశాను. రబ్బరు చీలిపోయుంది. ఉబ్బిపోయి, జిగటగా, చేతికి నల్లగా అంటుకుంది. సొరుగులో కిట్టు తీసి ఏశాను. ఆయిలు పోశాను, పైపుల్లో గాలి తీశాను. పెడలు రాయిలాగా అయింది. ఆ చీలిన రబ్బరు పట్టుకెళ్ళి మా ఎనక బోదె కాలవలో పారేశాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది. చూసింది. ఒక్క మాట అడగలేదు, చచ్చేదాకా అడగలేదు. మర్నాడు ఇనస్పెక్టరు కూర్చుని బ్రేకు తొక్కాడు. ఆయనకి కనపడింది ఆయన చూశాడు, ఆయన్ననడానికేముంది. "బ్రేకులు బాగానే ఉన్నాయే. ఎవరు చేశారు పని?" అన్నాడు. నేనేనండి అన్నాను. "పెద్దావిడ, కంగారులో క్లచ్చి తొక్కుంటుంది" అని రాసుకున్నాడు. మీ తాతగారు అక్కడే ఉన్నారు. ఆయనకి అలా తెలిసింది బాబూ. అక్కణ్ణుంచి మీ నాన్నకి, మీ నాన్న నుంచి నీకు.

భయం బాబూ. ఇంకేముంటుంది. అప్పటికి నాకు పెళ్ళీడుకొచ్చిన కూతురు, షెడ్డు తప్ప ఆధారం లేదు, జైల్లో ఏస్తారని భయం. ఆ భయం నెల రోజులకి పోయింది, కేసు మూసేశారు. మరి భయం పోయాకైనా చెప్పొచ్చు కదా అంటావు. ఇను.

నలభై రోజులు గడిచాక ఆవిడ వచ్చారు. నడిచొచ్చారు, మూడు మైళ్ళు. బక్కచిక్కిపోయారు. కారు దగ్గరికి ఎళ్ళి తలుపు మీద చెయ్యేసి చూసి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "బుల్లియ్యా, అందరూ క్లచ్చి తొక్కానంటున్నారు. నాకు గుర్తున్నది బ్రేకు. కానీ మనిషి గుర్తుని నమ్మలేం. కారుని నువ్వు చూశావు. బ్రేకు పనిచేస్తుంటే, నేను బ్రేకు తొక్కుంటే కారు ఆగాలి. ఆగలేదు. కాబట్టి రెంట్లో ఒకటి తప్పు. ఏది తప్పో చెప్పు." లెక్క చెప్పినట్టే చెప్పారు. ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడానికి ఎంత దూరం నడిచొచ్చారో నాకు కనపడుతోంది. నేను నేల చూస్తా, "బ్రేకులు బాగానే ఉన్నాయండి" అన్నాను. "నా మొహం చూసి చెప్పు" అన్నారు. చూశాను. చూసి చెప్పాను, "మీరు క్లచ్చే తొక్కుంటారండి" అని. ఆవిడ తల ఇలా ఆడించారు, బోర్డు మీద ఒక అంకె చెరిపేసి ఇంకో అంకె ఏసుకున్నట్టు. "సరే" అన్నారు. తర్వాత, "దీన్ని బాగుచెయ్యి. అమ్మను" అన్నారు.

ఆరేళ్ళు చేశాను. ఇంజను నిండా ఒండ్రు మట్టి. వైరింగు మొత్తం పాడు, వానొస్తే దానంతటదే హారను మోగేది, మా ఆవిడ ఉలిక్కిపడేది. సీట్ల కింద ఇనుము తుప్పుకి రాలిపోతుంటే రేకు ముక్కలు అతికించాను. పెట్రోలు టాంకు మూడుసార్లు కడిగాను, ప్రతిసారీ ఎర్ర నీళ్ళే. ఆరేళ్ళలో ఒక్కనాడు దాక్కోలేదు. నేనే ఎళ్ళి తెచ్చుకునేవాణ్ణి, అర్ధరూపాయి తీసుకోలేదు. ఎందుకని అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆవిడ మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. ఆదివారం నేను నడపాలి, ఆవిడ ఎనక సీట్లో. ముందు సీట్లో ఎవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు. లాకుల మలుపు వచ్చినప్పుడల్లా అద్దంలో చూసేవాణ్ణి, ఆవిడ రెండు కాళ్ళూ నేలకేసి మార్చి మార్చి అదుముకునేవారు. ఎడంది. కుడిది. ఎడంది. పెదాలు కదిలేవి. ఏడాది తర్వాత అర్థమైంది నాకు, ప్రార్థన కాదు అది. ఇది క్లచ్చి, ఇది బ్రేకు అనుకుంటున్నారు. లెక్కల టీచరు బాబూ. నలభై ఏళ్ళు పిల్లలకి తప్పులు దిద్దిన మనిషి.

చాలాసార్లు చెప్దామనుకున్నాను. చెప్దామని అదే మలుపులో కారాపాను ఒకసారి. "ఏమైంది, పంపు ఏడెక్కిందా?" అన్నారు. అవునండి అన్నాను, దిగి తడిగుడ్డ చుట్టాను. ఏడి లేదు, ఏం లేదు, డిసెంబరు నెల.

రెండువేల పదిలో జబ్బు చేసింది. కడుపులో గడ్డ. రాజమండ్రిలో ఒక ఆసుపత్రి, రెండో అంతస్తు. నేనే దింపాను, నేనే రోజూ ఎళ్ళేవాణ్ణి. ఇక నాలుగైదు రోజులే అని డాక్టరు మీ తాతగారితో అంటుంటే ఇన్నాను. ఆ పొద్దున ఎవరూ లేరు, మీ తాతగారు మందులకని కిందకి ఎళ్ళారు. నేను మంచం పక్కన నిలబడి చెప్పేశాను. "అమ్మగారూ, ఆ రోజు మీరు బ్రేకే తొక్కారండి. ఏసిన రబ్బరు సరైంది కాదండి, నేను చెక్కి ఏసింది. మంచిది నా సొరుగులోనే ఉందండి. తర్వాత మార్చేశానండి, ఇనస్పెక్టరు వచ్చేలోపు. తప్పంతా నాదేనండి." ఒక్క గుక్కలో చెప్పాను, స్టెప్పు స్టెప్పుగా కూడా చెప్పాను. కాళ్ళు పట్టుకున్నాను. ఆవిడ నాకేసి చూసి నవ్వారు బాబూ. అంతకుముందు ఆరేళ్ళలో నవ్వలేదు. "బుల్లియ్యా, నీకు అబద్ధం చెప్పడం రాదు" అన్నారు. కాదండి, ఇదే నిజమండి, నా కూతురి మీద ఒట్టండి అన్నాను. "ఒట్లు పెట్టుకోకు, పాపం. పాస్టరుగారు దేవుడి చిత్తమన్నారు. ఆశీర్వాదమేమో కారు పాతదక్కా అన్నాడు, పక్కకెళ్ళి ఇంకోటన్నాడు. అందరూ నన్ను ఓదార్చారు. నువ్వొక్కడివే నా మొహం చూసి తప్పు మీదేనని చెప్పావు. తప్పేమిటో తెలిసింది కాబట్టే ఆరేళ్ళూ చిన్నమ్మాయిని క్షమించమని అడగగలిగాను. క్షమించిందనుకుంటున్నాను. ఇప్పుడు ముసలిదాన్ని చూసి జాలిపడి మాట మార్చకు." అలా అని చెయ్యి నా తల మీద పెట్టారు. నేను ఇంకా ఏదో అంటూనే ఉన్నాను, "వద్దు బుల్లియ్యా, అలిసిపోయాను" అని గోడకేసి తిరిగి పడుకున్నారు. నర్సు వచ్చి నన్ను బయటికి పంపించింది. మూడో రోజు పోయారు.

ఆవిడకి చెప్పిన ఆ పొద్దున కిందకొచ్చి కారు తీద్దామంటే స్టార్టవలేదు. హ్యాండిలు కొట్టాను, అవలేదు. ఆసుపత్రి గేటుకి అడ్డంగా ఉంది, ఎనకాల అంబులెన్సు వాడు ఒకటే హారను. ఎవరో ఇద్దరు రోగి తాలూకు వాళ్ళు వచ్చి తోసిపెట్టారు, పల్లెటూరివాళ్ళు, పాపం వాళ్ళకేం కష్టమొచ్చిందో. తోస్తా తోస్తా అందులో ఒకాయన అన్నాడు, "ఎందుకండీ పెద్దాయనా ఈ పాత బండితో తిప్పలు, పారెయ్యకూడదూ" అని. ఆ మాటకి నేను...

ఉండు, గణేష్‌బాబు పిలుస్తున్నాడు. చేతులు కడుక్కుంటున్నాడంటే అయిపోయినట్టే. ఎళ్ళు బాబూ, ఎళ్ళి ఓసారి బ్రేకు తొక్కి చూసుకో.